సర్పగంధి వేరు, నువ్వుల నూనె సూది

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ వెళ్లే రైలెక్కారనుకోండి. శృంగవరపుకోట దాటాక రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. ఒకటా, రెండా! యాభైకి పైగా సొరంగాలు. చీకటి, వెలుతురు, మళ్లీ చీకటి. బొర్రా గుహలు దాటి అరకులో దిగేసరికి మీరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తుకు వచ్చేసి ఉంటారు. అది సంతరోజైతే నేరుగా సంతకే వెళ్లండి. చింతపండు, పసుపు, అల్లం, పిప్పళ్లు, రాజ్‌మా గింజలు, అడ్డాకుల కట్టలు. ఇవన్నీ దాటాక ఓ మూల గోనెసంచి పరిచి, దాని మీద ఎండిన వేళ్లూ బెరళ్లూ కుప్పలుగా పోసుకుని కూర్చున్న ముసలాయన కనిపించవచ్చు. ఒక్కొక్క వేరుకు ఒక్కొక్క రోగం పేరు చెబుతాడు.

ఆ వేళ్లలో ఒక దాని గురించి మీకు చెప్పాలి. చూడ్డానికి వేలెడు లావున, పాములా వంకరటింకరగా, పసుపూ గోధుమా కలిసిన రంగులో ఉంటుంది. నాలుక మీద పెడితే చేదు. దాని పేరు సర్పగంధి. తూర్పు కనుమల తేమ అడవుల్లో చెట్ల నీడన పెరిగే చిన్న పొద ఇది. మీ నడుమెత్తుకు మించదు. కొండ ప్రజలు తరతరాలుగా దీన్ని జ్వరానికీ, కడుపునొప్పికీ, పాముకాటుకూ వాడుతూ వచ్చారు. (పాముకాటు సంగతి ఇక్కడే తేల్చేద్దాం. పాము విషానికి ఈ వేరు విరుగుడు కాదు. విరుగుడు ఆసుపత్రిలో ఎక్కించే విషహర సీరం ఒక్కటే.) బీహారు వైపు పల్లెల్లో మాత్రం ఈ వేరుకు మరో పేరుంది. 'పాగల్ కీ దవా', అంటే పిచ్చికి మందు.

పల్లెటూరి మాటే గదా అని కొట్టిపారేయకండి. మతి చెదిరిన మనిషిని మాటల్లోకి తేగల మందులు ప్రపంచానికి 1950ల దాకా దాదాపుగా లేవు. అప్పుడు వచ్చిన మొదటి రెండు మందుల్లో ఒకటి ఈ వేరులోంచే వచ్చింది.

పేరు మోసినవాడు చూడని మొక్క

శాస్త్రజ్ఞులు ఈ మొక్కను 'రావుల్ఫియా సర్పెంటైనా' అంటారు. 16వ శతాబ్దంలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణంలో లియోన్‌హార్డ్ రావుల్ఫ్ అనే వైద్యుడుండేవాడు. మందుమొక్కల కోసం పశ్చిమాసియా దేశాలన్నీ తిరిగాడు గాని, మన దేశానికి రానే లేదు. ఆయన పోయాక చాలాకాలానికి ఒక ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు గౌరవంగా ఆయన పేరు ఈ జాతికి పెట్టాడు. తన పేరు మోస్తున్న మొక్కను ఆ పెద్దమనిషి కంటితో చూడనేలేదన్నమాట!

అసలు పని మన దేశంలోనే జరిగింది. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు ఒక వ్యాసం ప్రచురించారు. సర్పగంధి వేరు పొడి ఇస్తే చెలరేగిపోతున్న మానసిక రోగులు నెమ్మదిస్తున్నారనీ, రక్తపు పోటు కూడా తగ్గుతోందనీ రాశారు. ఆ ఏడాదే ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ వేరులోంచి కొన్ని క్షార పదార్థాలను వేరుచేసి, ఒకదానికి తన గురుతుల్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద 'అజ్మలీన్' అని పేరు పెట్టాడు. 1949లో బొంబాయి గుండెవైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఈ వేరు రక్తపు పోటును తగ్గించే తీరును ఇంగ్లండు పత్రికలో ప్రకటించాడు. అప్పుడుగాని ప్రపంచం ఇటు తలతిప్పి చూడలేదు. కలకత్తా వ్యాసానికీ దీనికీ మధ్య పద్దెనిమిదేళ్లు! ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీవారు వేరులోని అసలు సారాన్ని బయటికి తీశారు. దాని పేరు రిసర్పిన్. 1954లో న్యూయార్కు రాష్ట్రంలోని రాక్‌లండ్ ఆసుపత్రి నుంచి నేథన్ క్లైన్ అనే వైద్యుడు, ఇది మానసిక రోగులకు పనిచేస్తోందని రాశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1952లో, పారిస్‌లోని సెంట్-ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే మరో మందును ప్రయోగించి చూశారు. అది మొక్కలోంచి వచ్చింది కాదు, ప్రయోగశాలలో తయారైంది. ఈ రెండూ 'యాంటీసైకోటిక్' మందులకు పెద్దన్నలు.

చెవులు వాల్చిన కుందేళ్లు

మరి ఈ మందు మెదడులో చేసే పనేమిటి? దీని జవాబుకు కుందేళ్లు సాయం చేశాయి.

మెదడులో ఒక నాడీకణం పక్క నాడీకణానికి కబురు పంపాలంటే కొన్ని రసాయనాలు కావాలి. వాటిలో ఒకటి డోపమైన్. నాడి కొసన చిన్నచిన్న తిత్తుల్లో అది నిలవ ఉంటుంది. ఇంట్లో గాదెలు ఉంటాయి చూడండి, అలాగ. ధాన్యం గాదెలో ఉన్నంతవరకు ఎలుకల భయం లేదు. రిసర్పిన్ ఏం చేస్తుందంటే, డోపమైన్‌ను తిత్తిలోకి చేర్చే పంపును పాడుచేస్తుంది. తిత్తి బయట పడ్డ డోపమైన్‌ను అక్కడుండే ఎంజైములు ఎలుకల్లా తినేస్తాయి. కొన్ని గంటల్లో గాదెలన్నీ ఖాళీ!

స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వాల్చేసి, కదలకుండా, కళ్లు సగం మూసుకుని కూలబడ్డాయి. అప్పుడు డోపమైన్ తయారీకి ముడిసరుకైన 'డోపా'ను ఎక్కించాడు. కాసేపట్లోనే చెవులు నిక్కబొడుచుకున్నాయి, కుందేళ్లు గెంతడం మొదలుపెట్టాయి. 1957లో ప్రకటించిన ఈ ప్రయోగం మీదుగా నడిచిన పరిశోధనలకే ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

క్లోర్‌ప్రోమజీన్ దారి వేరు. అది గాదె జోలికి పోదు. డోపమైన్ వెళ్లి తట్టే తలుపులుంటాయి. వాటినే గ్రాహకాలు అంటారు. వాటి తాళంకప్పలో తప్పుడు తాళంచెవి ఇరికించినట్టు ఈ మందు వెళ్లి కూర్చుంటుంది. డోపమైన్ వచ్చినా లోపలికి కబురు చేరదు. నేటి యాంటీసైకోటిక్ మందులు దాదాపుగా అన్నీ ఈ దారివే.

ఈ తేడా తెలిస్తే సర్పగంధి ఎందుకు వెనకబడిందో తెలుస్తుంది. తాళంలో ఇరుక్కున్న చెవి కొన్ని గంటలకో రోజులకో ఊడివస్తుంది. రిసర్పిన్ పాడుచేసిన పంపు మాత్రం మళ్లీ బాగుపడదు. కణం కొత్తది తయారుచేసుకోవాలి. అందుకు రోజులు, వారాలు పడుతుంది. పైగా అది డోపమైన్ ఒక్కదానితో ఆగదు. నారడ్రినలిన్, సెరటోనిన్ గాదెలను కూడా ఖాళీచేస్తుంది. రక్తపు పోటు పడిపోవడం, నాడి మందగించడం, ముక్కు దిబ్బడ, దిగులు పట్టుకోవడం వంటివి కనిపించాయి. (దిగులు నిజంగా మందువల్లేనా అని ఇప్పటికీ వాదించేవారున్నారు.) మోతాదు చూడండి. పోటు తగ్గడానికి రోజుకు పావు మిల్లీగ్రాము చాలు. అంటే గ్రాములో నాలుగువేలో వంతు. ఒక కొండవేరులో సారం ఎక్కువ, పక్క కొండవేరులో తక్కువ. చిటికెడు పొడిలో ఎంత వెళ్తోందో ముసలాయనకూ తెలియదు, మీకూ తెలియదు. అందుకే ఆ వేరును ఎవరైనా ఎంత ఆప్యాయంగా ఇచ్చినా నోట్లో వేసుకోకండి.

అన్నిటికన్నా ముందు జ్వరం

ఇప్పుడు ఒక కుర్రవాణ్ణి ఊహించుకుందాం. అరకు పైన ఒక కొండపల్లెలో 19 ఏళ్లవాడు. సోమన్న అందాం. నెల రోజులుగా నిద్రపోవడం లేదు. ఎవరూ లేనప్పుడు తనతో ఎవరో మాట్లాడుతున్నారంటాడు. ఊరివాళ్లంతా కలిసి తన మీద కుట్ర చేస్తున్నారంటాడు. తల్లి మేకను అమ్మి దిసారి చేత పూజ చేయించింది. తగ్గలేదు. ఆఖరికి ఆశా కార్యకర్త నచ్చచెప్పి ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికి తీసుకువచ్చింది.

డాక్టరు ముందుగా చేసే పని ఏమిటో చెప్పగలరా? సూది తీయడం కాదు. మందుచీటీ రాయడమూ కాదు. ఒళ్లు వేడిగా ఉందా అని చూసి, వేలి కొసన రక్తం తీసి మలేరియా పరీక్ష చేయిస్తాడు.

ఎందుకంటే ఇది మన్యం. మలేరియా మెదడుకెక్కితే మనిషి ఉన్నట్టుండి పలవరిస్తాడు, లేనివి చూస్తాడు, మీద పడతాడు. పైకి చూస్తే పిచ్చిలాగే ఉంటుంది. మెదడువాపు జ్వరమైనా, తలకు దెబ్బ తగిలినా, రక్తంలో చక్కెర పడిపోయినా, తాగుడు హఠాత్తుగా మానినా ఇంతే. అలాంటివాడికి మలేరియా మందు ఇవ్వకుండా మత్తు కలిగించే మందు ఇస్తే అరుపులు ఆగుతాయి, ప్రాణం పోతుంది. తేడా ఎలా పట్టాలి? సాధారణంగా జ్వరం పలవరింత గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. రోజు, వారం, తానెక్కడున్నాడో మనిషికి తెలియదు. ఒక పూట తేటగా, ఒక పూట మసకగా ఉంటాడు. సోమన్నకు నెలరోజులుగా నడుస్తోంది. ఈ రోజు ఏ వారమంటే చెబుతున్నాడు. జ్వరం లేదు, పరీక్షలో మలేరియా లేదు.

అప్పుడు బరువు, నడుము చుట్టుకొలత, రక్తపు పోటు, చక్కెర రాసుకుంటారు. ఈ అంకెలు ఎందుకంటారా? కొన్ని కొత్త మందులు, ముఖ్యంగా ఒలాంజపిన్, ఆకలిని విపరీతంగా పెంచి కొద్ది నెలల్లో బరువునూ చక్కెరనూ పెంచుతాయి. మొదటి రోజు ఎంత ఉందో రాసుకోకపోతే తరవాత పెరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? సరే, మందు తక్కువ మోతాదులో మొదలవుతుంది.

మెడ తిరిగిపోయింది!

సోమన్నకు హాలోపెరిడాల్ మాత్రలు ఇచ్చారనుకోండి. ఇది 1958లో బెల్జియంలో పాల్ జాన్సెన్ ప్రయోగశాలలో పుట్టిన మందు. చవక, గట్టిగా పనిచేస్తుంది. మూడో రోజు సాయంత్రం సోమన్న మెడ ఒక పక్కకు తిరిగి బిగుసుకుపోయింది. కళ్లు పైకి తేలిపోయాయి. నాలుక మందంగా అయి మాట రావడం లేదు. కాని తెలివి పూర్తిగా ఉంది. భయంతో వణికిపోతున్నాడు.

ఇంట్లో ఏమనుకుంటారు? దయ్యం ఇంకా గట్టిగా పట్టిందనుకుంటారు. లేదా ఆసుపత్రివాళ్లు ఏదో చేశారనుకుంటారు. మన భాషలో 'మందు పెట్టారు' అంటే అర్థం వేరే గదా! ఆ రాత్రే మాత్రలు పొయ్యిలోకి పోతాయి. ఆ ఊళ్లో మరో పదేళ్లదాకా ఇంకెవరూ ఆ మాత్రలు ముట్టుకోరు.

నిజానికి జరిగిందేమిటి? మెదడులో డోపమైన్ ఒక్క ఆలోచనల చోటే పనిచేయదు. కండరాల కదలికను సరిదిద్దే చోట కూడా అదే పనిచేస్తుంది. మందుకు ఆ తేడా తెలియదు, అన్ని తాళాల్లోనూ దూరుతుంది. మెదడును చిత్రాలు తీసే యంత్రాలతో పరీక్షించి శాస్త్రజ్ఞులు ఒక లెక్క తేల్చారు. సుమారు 65 శాతం తాళాలు మూతపడితే జబ్బు నెమ్మదించడం మొదలవుతుంది. సుమారు 80 శాతం దాటితే కండరాలు బిగుస్తాయి. ఆ రెంటి మధ్య ఉన్నది చాలా ఇరుకు సందు. ఎక్కువ మందు వేస్తే త్వరగా నయమవుతుందన్న ఆశ ఇక్కడ పనికిరాదు. మెడ బిగుసుకోవడం కుర్రవాళ్లలోనే, మొదటి కొద్ది రోజుల్లోనే ఎక్కువ.

దీనికి విరుగుడు సుళువు. ప్రోమెథజీన్ వంటి మందు సూదిగా ఇస్తే నిమిషాల్లో మెడ వదులవుతుంది. తెలిసిన నర్సు అయితే మొదటి రోజే తల్లితో చెప్పి పంపుతుంది. "అమ్మా, మెడగాని, దవడగాని బిగుసుకుంటే భయపడకు. అది దయ్యం కాదు, మాత్రల వల్లే. రాత్రయినా సరే వెంటనే తీసుకొచ్చెయ్యి." ఆ రెండు ముక్కలు ఆమెకు వచ్చిన భాషలో, తెలుగో, ఆదివాసీ ఒడియానో, కువియో, చెప్పకపోతే ఎంత మంచి మందైనా దండగ.

భయపడవలసింది మరొకటుంది. అరుదు. ఒళ్లంతా కర్రలా బిగుసుకుని, జ్వరం విపరీతంగా పెరిగి, చెమటలు పట్టి, తెలివి తప్పుతుంది. మన్యంలో జ్వరమంటే అందరూ మలేరియా అనే అనుకుంటారు. ఇక్కడ మందు వెంటనే ఆపి, డోలీ మీదైనా సరే మోసుకుని పెద్దాసుపత్రికి చేర్చాలి.

నూనెలో దాచిన మందు

మాత్ర వేసిన కొద్ది రోజుల్లో నిద్ర పడుతుంది, ఆందోళన తగ్గుతుంది. వినిపించే మాటలు తగ్గడానికి మాత్రం వారాలు పడుతుంది. తగ్గాక ఇంకో చిక్కు వస్తుంది. బాగున్నాను గదా, మందెందుకు అనిపిస్తుంది. మొదటిసారి జబ్బు వచ్చినవాళ్లు కూడా తగ్గాక కనీసం ఒకటి రెండేళ్లు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. సోమన్న పోడుచేనికి వెళ్లి వారాల తరబడి అక్కడే ఉంటాడు. రోజూ మాత్ర ఎవరు గుర్తుచేస్తారు? అన్నంలో తెలియకుండా కలిపేద్దాం అనుకునేవాళ్లున్నారు. వద్దు. తన మీద కుట్ర జరుగుతోందని నమ్మేవాడికి ఒక రోజు ఆ సంగతి తెలిస్తే, నిజంగానే కుట్ర జరిగిందనుకుంటాడు. అందులో ఆయన తప్పేముంది?

దీనికి రసాయన శాస్త్రజ్ఞులు చక్కని ఉపాయం కనిపెట్టారు. ఫ్లూఫెనజీన్ అనే మందుకు పొడవాటి కొవ్వు ఆమ్లం తోక తగిలించి, నూనెలో కరిగించారు. ఏ నూనె అనుకున్నారు? మన నువ్వుల నూనె! పిరుదు కండరంలో లోతుగా సూది వేస్తే ఆ నూనెబొట్టు అక్కడే నిలిచి, మందును కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. రెండు నుంచి నాలుగు వారాలకు ఒక్క సూది చాలు. సంతకు వచ్చిన రోజున వేయించుకుని వెళ్లిపోవచ్చు. అయితే ఒకసారి లోపలికి వెళ్లిన నూనెను వెనక్కి తీయలేం. అందుకే ముందు మాత్రల రూపంలో పడిందో లేదో చూసి, మొదటి సూది చిన్న మోతాదులో వేస్తారు. నువ్వులు పడనివాళ్లకు వేయరు. నూనె చిక్కన కనుక సూదిని మెల్లగా నొక్కాలి. పైకి కారకుండా చర్మాన్ని ఒక పక్కకు లాగిపట్టి పొడవాలి. వేసిన చోట రుద్దకూడదు.

చుట్ట, కాఫీ, క్లోజపిన్

ఏ మందుకూ లొంగని జబ్బుకు చివరగా వాడేది క్లోజపిన్. 1975లో ఫిన్లండులో దీన్ని వాడినవారిలో కొందరికి తెల్లరక్తకణాలు పడిపోయి, 8 మంది చనిపోయారు. చాలా దేశాలు మందును పక్కన పెట్టేశాయి. మిగతా మందులకు లొంగనివారికి ఇది పనిచేస్తుందని 1988లో ఒక పెద్ద అధ్యయనం తేల్చాక మళ్లీ వచ్చింది, ఒక షరతు మీద. మొదటి కొన్ని నెలలు వారం వారం రక్తపరీక్ష చేయించాలి. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే కణాలు లెక్కించాలి. కొండ మీద ఇది ఎంత కష్టమో ఆలోచించండి.

ఇందులో మరో తమాషా ఉంది. క్లోజపిన్‌ను కాలేయంలో ఒక ఎంజైము విరగ్గొడుతుంది. పొగాకు పొగ ఆ ఎంజైమును రెచ్చగొడుతుంది. చుట్ట కాల్చేవారి రక్తంలో ఈ మందు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిపోవచ్చు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తారని మీకు తెలిసే ఉంటుంది. ఆసుపత్రిలో చేరి చుట్ట ఒక్కసారిగా మానేస్తే, అదే మోతాదు వారంలో ఎక్కువైపోతుంది. కాఫీ దీనికి సరిగ్గా ఎదురు. కాఫీలోని కెఫీన్‌ను విరగ్గొట్టేదీ ఆ ఎంజైమే కనుక, అది కాఫీతో తీరిక లేకుండా ఉంటే మందు రక్తంలో పేరుకుపోతుంది. అరకు లోయలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన పండే కాఫీ రోజుకు ఎన్ని గ్లాసులు తాగుతారని డాక్టరు అడిగితే నవ్వకండి.

మందు అందకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక పాకకు నిప్పంటుకుంది. లోపల గొలుసులతో కట్టివేసి ఉన్న మానసిక రోగులు పారిపోలేక 28 మంది కాలి చనిపోయారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. చికిత్స పొందడం ప్రతివారి హక్కు అంది. విశాఖపట్నం వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అంత దూరం వెళ్లేముందు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ సేవ ఇది. డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మీ ఇంట్లోనో, మీ తరగతిలోనో ఎవరైనా వారాల తరబడి నిద్రలేక, ఎవరికీ వినిపించని మాటలకు జవాబు చెబుతుంటే, ఈ నంబరు వారి పెద్దలకు రాసివ్వండి.

మరి సర్పగంధి ఏమైంది? ప్రపంచమంతా వేరు కోసం ఎగబడింది. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది గాని, వేరు తవ్వితే మొక్క పోయినట్టే గదా. అడవుల్లో అది అరుదైపోయింది. 1990లో అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు ఉండే మొక్కల జాబితాలో చేరింది. ఈసారి అరకు వెళ్లినప్పుడు చెట్ల నీడల్లో చూడండి. కణుపు దగ్గర ఆకులు లెక్కపెట్టండి. సాధారణంగా మూడేసి ఆకులు చుట్టూ ఉండి, తెల్లని పూలు లేత ఎరుపు కాడలతో గుత్తులుగా ఉంటే, పండితే నల్లబడే చిన్న కాయలుంటే, అది సర్పగంధి కావచ్చు. నాలుగేసి ఆకులుంటే దాని చుట్టం. బయటిదేశం నుంచి వచ్చి బాటల పక్కన మొలిచేది. వ్యాపారులు దాని వేరునే అసలు వేరులో కల్తీ చేస్తుంటారు. మూడాకులదే దొరికితే ఆకులు లెక్కపెట్టి, నోటుపుస్తకంలో బొమ్మ గీసుకుని, మట్టి కదపకుండా వచ్చేయండి.